బతుకమ్మ వారం: ప్రాథమిక బడిలో సోమవారం నుంచి శనివారం దాకా ఎలా నడపాలి

దసరా సెలవులకు ముందు ఆఖరి పనిదినం తెలంగాణ బడుల్లో ఎలా గడుస్తుందో మనందరికీ తెలుసు. మధ్యాహ్నం దాకా పాఠాలు అయ్యీ కానట్టు నడుస్తాయి, రెండింటికి సౌండ్ బాక్స్ వస్తుంది, టీచర్లో తల్లులో ఇంటి దగ్గర పేర్చి తెచ్చిన బతుకమ్మను మధ్యలో పెడతారు, పిల్లలు చుట్టూ తిరుగుతారు, ఫోటోలు తీసి గ్రూపులో పెడతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. ఒకసారి మూడో తరగతి పాపకు తంగేడు పువ్వు చూపించి పేరడిగితే "పచ్చ పువ్వు టీచర్" అంది. మా వైపు పసుపు రంగును పచ్చ అనే అంటారు, కాబట్టి రంగు సరిగ్గానే చెప్పింది, పేరే తెలియలేదు. వాళ్ల చేను గట్టు మీద అదే చెట్టు గుబురుగా ఉంటుంది. తంగేడు మన రాష్ట్ర పుష్పం అని పుస్తకంలో చదివిన పిల్లే ఆమె.

ఆ ఏడాది నుంచి పద్ధతి మార్చాను. బతుకమ్మను ఒక మధ్యాహ్నం కార్యక్రమంగా కాకుండా ఆరు రోజుల పాఠంగా నడుపుతున్నాను. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ ఆ పూల చుట్టూనే తిరుగుతాయి. సిలబస్ వెనకబడుతుందేమో అని మొదట టెన్షన్ పడ్డాను కానీ, 2022 నుంచి సర్కారు బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం నడిచే తొలిమెట్టు కార్యక్రమంలో మనం పిల్లల దగ్గర చూడాలనుకుంటున్నవి ధారాళంగా చదవడం, సొంతంగా రాయడం, లెక్క చేయడం, ఇవే కదా. అవన్నీ ఈ వారంలో ఉన్నాయి. ఎలా చేయాలో వరసగా రాస్తున్నాను, ఇద్దరే టీచర్లున్న బడిలో కూడా నడుస్తుంది.

ముందు వారమే తేల్చుకోవాల్సిన పనులు

ముందు తేదీ చూసుకోండి. బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలి పూలతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. సెలవులు కూడా దాదాపు అప్పుడే మొదలవుతాయి కాబట్టి బడిలో పండుగ ఎప్పుడూ ముందుగానే వస్తుంది. 2025లో అమావాస్య సెప్టెంబర్ 21, ఆదివారం పడింది, అంటే బడికి దొరికింది 20వ తేదీ శనివారం దాకానే. క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడుందో చూసి, దానికి ముందున్న ఆరు పనిదినాలను ఈ వారానికి పెట్టుకోండి.

తర్వాత తల్లిదండ్రులకు ఒక చిన్న కాగితం పంపండి. అందులో రెండు మాటలు తప్పకుండా ఉండాలి: కొత్త బట్టలు అక్కర్లేదు, డబ్బులు అక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. లంగా ఓణీ లేదని ఆ రోజు బడికే రాని పిల్లల్ని నేను చూశాను. యూనిఫాంలోనే ఆడుకుందాం అని ముందే చెబితే ఆ బాధ ఎవరికీ ఉండదు.

వేరే మతాల కుటుంబాలతో మీరే వెళ్లి మాట్లాడండి, కాగితం మీద వదిలేయకండి. బడిలో పూజ ఉండదు, పసుపు గౌరమ్మను పెట్టడం ఇళ్లలో జరిగే పని, ఇక్కడ మనం పూలు, పాటలు, లెక్కలు, కథలు చేస్తాం అని స్పష్టంగా చెప్పండి. అయినా వద్దంటే ఆ బిడ్డను మూలన కూర్చోబెట్టకుండా పూలు లెక్కపెట్టే పనో, బొమ్మలు గీసే పనో ఇవ్వండి. నా అనుభవంలో ఇలా ముందే మాట్లాడిన ఇళ్ల నుంచి అభ్యంతరం చాలా అరుదుగా వస్తుంది, పైగా ఒక ముస్లిం తల్లి వాళ్ల పెరట్లోని బంతిపూలు బుట్టెడు పంపింది.

సామాను పెద్దగా ఏమీ లేదు. మూడు నాలుగు తాంబాలాలు, దారం, పాత పేపర్లు, చార్టులు, ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు, మొండి మొనల కత్తెరలు. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లులకు చెబితే తాంబాలాలు ఇళ్ల నుంచి వచ్చేస్తాయి. వాటి అడుగున రంగుతో పేరు రాసి పెట్టండి, లేకపోతే తిరిగిచ్చేటప్పుడు తకరారు.

సోమవారం: పేర్లు

ఒక్కొక్కరు ఒక్క పువ్వు తెమ్మనండి, ఒక్కటే. పువ్వుతో పాటు వాళ్లింట్లో దాన్ని ఏమంటారో తెలుసుకుని రావాలి. ప్రార్థన అయ్యాక చెట్టు కింద గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరు పేరు చెప్పి పువ్వును పేపర్ మీద పెడతారు. ఒకే పువ్వుకు మూడు పేర్లు వచ్చాయనుకోండి, మూడూ బోర్డు మీద రాయండి. సీతజడ అని ఒకరు, పట్టుకుచ్చు అని ఇంకొకరు అంటే ఏది తప్పో తేల్చకండి, రెండూ ఆ ఊరి మాటలే.

తండా పిల్లలుంటే లంబాడీలో పేరు అడగండి. ఇటుక బట్టీల పిల్లలుంటే ఒడియాలో అడగండి. బోర్డు మీద తమ ఇంటి మాట తెలుగు లిపిలో కనబడగానే ఆ పిల్లల ముఖం ఎలా వెలుగుతుందో మీరే చూస్తారు.

ఇక చదవడం, రాయడం. బతుకమ్మ పూల పేర్లు మన తెలుగు వాచకం కోసమే పుట్టాయా అనిపిస్తుంది నాకు. "గునుగు" చూడండి, మూడక్షరాలకూ కొమ్మే, ఒకటో తరగతికి గుణింతంలో కొమ్ము నేర్పడానికి ఇంతకన్నా మంచి మాట లేదు. తర్వాత "బంతి", "చామంతి" పెట్టి సున్నా చూపించండి. "తంగేడు"లో సున్నా, ఏత్వం, కొమ్ము మూడూ ఉన్నాయి. రెండో తరగతికి "గుమ్మడి", "బతుకమ్మ", "సద్దులు" ఇస్తే ఒత్తులు వచ్చేస్తాయి. మూడు దాటిన వాళ్లకు "రుద్రాక్ష" ఇవ్వండి, ఒకే మాటలో రెండు సంయుక్తాక్షరాలు. ఈ వరసలో చీటీలు రాసి పూల పక్కన పెట్టించండి. వారమంతా ఆ చీటీలు గోడ మీదే ఉండాలి, రోజూ లోపలికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒకటి చదివి లోపలికి రావాలి.

మంగళవారం: పువ్వును దగ్గరగా చూడటం

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు, కాస్త వివరంగా రాస్తాను.

ఉదయం ఎండ ముదరకముందే పిల్లల్ని బడి చుట్టుపక్కలకు తీసుకెళ్లండి. పొదల్లోకి చేతులు పెట్టకూడదు, ముందు కర్రతో కదిలించాలి, వర్షాకాలం చివర పాములు తిరిగే కాలం ఇది. చెప్పుల్లేని వాళ్లు గట్టు మీదకు రాకూడదు. తేనెటీగలు ఉన్న కొమ్మను వదిలేయాలి. ఇంకో ముఖ్యమైన మాట, గన్నేరు పూలు బతుకమ్మలో పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది కానీ చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. గన్నేరు మొక్క అంతా విషమే, పాలు చేతికంటితే ఆ చేత్తోనే నోరు తుడుచుకుంటారు.

బడికి తిరిగి వచ్చాక ఇద్దరిద్దరికీ ఒక గునుగు కంకి ఇవ్వండి. "ఇది ఒక పువ్వా, చాలా పూలా?" అని అడిగి ఊరుకోండి. మొదట అందరూ ఒక్కటే అంటారు. తెల్ల కాగితం మీద పెట్టి వేలితో మెల్లగా రాల్చమనండి. పొట్టు పొట్టుగా రాలుతుంది, ఒక్కో పొట్టూ ఒక చిన్న పువ్వు. కింద మిలమిలలాడే నల్లటి గింజలు కనబడతాయి, ఆవగింజ కన్నా చిన్నవి. కంకి అంతా వందల పూల గుంపు అని అప్పుడు అర్థమవుతుంది. మా బడిలో ఒక బాబు ఊపిరి బిగబట్టి ఆ గింజల్ని చూపుడు వేలికి అంటించుకుని ఒక్కటొక్కటి లెక్కపెట్టాడు, ఇంటర్వెల్ బెల్లు కొట్టినా లేవలేదు. బంతిపువ్వును కూడా ఇలాగే విప్పించండి. మనం రేకు అనుకునే ప్రతిదీ అడుగున సన్నటి గొట్టంలా మొదలవుతుంది, అదీ ఒక చిన్న పువ్వే.

గుమ్మడి పువ్వుకు మాత్రం తప్పకుండా సమయం పెట్టండి. గుమ్మడి తీగకు మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. మగ పువ్వు కాడ సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఆడ పువ్వుకు రేకుల కిందే గోలీ అంత పిందె ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి తేడా పిల్లలనే కనిపెట్టమనండి. పిందె ఉన్న పువ్వు తెంపితే ఒక గుమ్మడికాయ పోయినట్టే అని వాళ్లంతట వాళ్లే అంటారు. మగ పూలైనా అన్నీ తెంపకూడదు, పుప్పొడి లేకపోతే పిందె నిలవదు, రాలిపోతుంది. బతుకమ్మ కోసం గుమ్మడి పువ్వు తేవాల్సి వస్తే ఏది తెంపాలో ఇక వాళ్లకు చెప్పక్కర్లేదు.

నాలుగు, ఐదు తరగతుల వాళ్లు ఒక్కో పువ్వుకు ఒక్కో పేజీ రాయాలి: బొమ్మ, రేకులెన్ని, వాసన ఎలా ఉంది, ఎక్కడ దొరికింది, ఇంట్లో ఇంకా దేనికి వాడతారు. చివరి ప్రశ్నకు జవాబు ఇంట్లో అడిగి తెస్తారు. తంగేడు చెక్కను తోలు పదును చేయడానికి వాడేవారని ఒక తాత చెప్పి పంపితే, మరుసటి రోజు దాని మీద అరగంట మాట్లాడుకున్నాం.

బుధవారం: లెక్కలు

ముందు రూపాయి బిళ్లలతో మొదలుపెట్టండి. ఒక బిళ్లను మధ్యలో పెట్టి దాని చుట్టూ, దానికి తగిలేలా బిళ్లలు పేర్చమనండి. సరిగ్గా ఆరు పడతాయి, ఏడోది పట్టదు. ఆ ఆరింటి చుట్టూ ఇంకో వరస పెడితే పన్నెండు, ఆ తర్వాత పద్దెనిమిది. ఆరో ఎక్కం పలక మీద కాకుండా నేల మీద కనబడుతుంది. ఎందుకు ఆరు అని పెద్ద తరగతి పిల్లలు అడుగుతారు. వృత్తం అంచు కొలత దాని వ్యాసానికి మూడింతల కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది, ఒక బిళ్ల వెడల్పు లోపలికి జరిగితే వ్యాసం రెండు బిళ్లల వెడల్పు తగ్గుతుంది, అంచు దాదాపు ఆరు బిళ్లల వెడల్పు తగ్గుతుంది. తాంబాలం చుట్టూ దారం చుట్టి కొలిపిస్తే ఇది చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు బంతిపూలు తీసుకోండి, దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పున్నవి. 30 సెంటీమీటర్ల తాంబాలం అంచున ఒక వరస పెడితే 15 పూలు పడతాయి. పై వరసను సగం పువ్వు లోపలికి జరిపి పెడితే 12, తర్వాత 9, 6, 3. ప్రతి వరసకూ మూడు తగ్గుతున్నాయి. "మొత్తం ఎన్ని పూలు కావాలి?" అని అడిగితే రెండో తరగతి వాళ్లు కూడికతో, ఐదో తరగతి వాళ్లు 15, 3 కలిపి, 12, 6 కలిపి చకచకా 45 అనేస్తారు. పువ్వు చిన్నదైనా పెద్దదైనా ఒకటీ అరా తేడా వస్తుంది, రానివ్వండి, ఎందుకు వచ్చిందో మాట్లాడుకోవడం కూడా లెక్కే.

ఒకటో తరగతికి వరసలు: బంతి, గునుగు, బంతి, గునుగు, తర్వాత ఏది? కొంచెం కష్టం కావాలంటే బంతి, బంతి, గునుగు. వాళ్లతోనే కొత్త వరసలు కట్టించి పక్కవాళ్లను అడగమనండి. మిగతా తరగతులకు సోమవారం తెచ్చిన పూలను గీతలతో లెక్కగట్టి బొమ్మల పట్టిక గీయించండి. అంగట్లో పూల ధర ఇంటి దగ్గర కనుక్కుని వచ్చి పావుకిలో, అరకిలో లెక్కలు చేయడం సాయంత్రం పని.

గురువారం: అవ్వల రోజు

ఊళ్లోంచి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను పిలవండి. స్టేజీ వద్దు, మైకు వద్దు. చాప వేసి కూర్చోబెట్టి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టండి. "అవ్వా, నీ చిన్నప్పుడు ఎట్ల ఆడేవాళ్లు?" అన్న ఒక్క ప్రశ్న చాలు, గంట గడిచిపోతుంది. పిల్లలు ముందురోజే తలా ఒక ప్రశ్న రాసుకుని సిద్ధంగా ఉండాలి.

తొమ్మిది రోజుల పేర్లు అవ్వల నోటే వినిపించండి: ఎంగిలి పూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. ఆరో రోజు దగ్గర పిల్లలు ఆగిపోతారు. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, అమ్మ అలిగింది అంటారు. ఎందుకలిగింది అని అడిగితే ఒక్కో అవ్వ ఒక్కో కథ చెబుతుంది. అన్నీ రాయించండి, ఒకటి ఎంచి మిగతావి కొట్టేయకండి. ఆ తర్వాత "నేను అలిగిన రోజు" అని ఐదు వాక్యాలు రాయమంటే, మామూలుగా పెన్ను కదలని పిల్లలు కూడా పేజీ నింపుతారు.

పాటల్లో ప్రతి చరణం చివరా వచ్చే ఉయ్యాలో, చందమామ పట్టుకుని పిల్లలతో సొంతంగా కట్టించండి. మా ఐదో తరగతి వాళ్లు కట్టిన మొదటి మాట "మా బడి బోరింగు ఉయ్యాలో, నీళ్లు రాకపాయె ఉయ్యాలో". తమ జీవితంలోది పాటలోకి తెచ్చుకోవడం ఈ ఆటలో తరతరాలుగా ఉన్నదే, వాళ్లూ అదే చేశారు. ఆ పాట విని కమిటీ తల్లులు బోరు బాగు చేయించారు కూడా.

ఇదే రోజు మిగతా పండుగలకు చోటివ్వండి. తండా పిల్లలు తీజ్ గురించి చెబుతారు, బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోసి ఆడపిల్లలు పెంచుతారు. ఆదిలాబాద్ వైపైతే గోండు పిల్లలు దీపావళి ముందు ఆడే దండారి, నెమలి ఈకల టోపీల గుస్సాడీ గురించి చెబుతారు. కేరళలో ఓనానికి ముంగిట్లో పూలతో ముగ్గు వేస్తారని మీరు చెప్పండి.

తినడానికి మధ్యాహ్న భోజనం వండే అక్కలతో ముందే మాట్లాడి పులిహోరో, మలీద ముద్దలో చేయించండి. ఇళ్ల నుంచి వండి తెచ్చినవి అందరికీ పంచకండి, ఎండలో పెరుగన్నం పాడైతే ఇబ్బంది పడేది పిల్లలు.

శుక్రవారం: మట్టి, బొమ్మలు, సిద్ధం కావడం

బతుకమ్మకు ముందు వచ్చే బొడ్డెమ్మను పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా చేస్తారు. పిల్లలకు మట్టి ముద్దలిచ్చి చిన్న చిన్న బొడ్డెమ్మలు చేయించండి. చేతులతో పని, చతురస్రాల పాఠం రెండూ అయిపోతాయి.

సాయంత్రం పూలు సమకూర్చుకోవాలి. గునుగు ఎన్ని రోజులైనా ఉంటుంది, ముందే కోసి కట్టలు కట్టుకోవచ్చు. తంగేడు తొందరగా వాడిపోతుంది, అది శనివారం పొద్దున్నే రావాలి. బంతి, చామంతి తడిబట్టలో చుట్టి నీడలో పెడితే ఆగుతాయి. గునుగుకు రంగులద్దే పని చిన్నపిల్లలతో పెట్టుకోకండి, తెల్లగానే వాడండి, పచ్చటి తంగేడు పక్కన అది చాలా బాగుంటుంది. ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్ గేటు దాటి లోపలికి రానివ్వకండి.

శనివారం: పేర్చడం, ఆడటం

పిల్లలను ఎనిమిదేసి మందిగా కలపండి. ప్రతి గుంపులో అన్ని తరగతుల వాళ్లు, ఆడపిల్లలు, మగపిల్లలు ఉండాలి. మగపిల్లలు "మాకెందుకు టీచర్" అంటారు. ఊళ్లలో తంగేడు, గునుగు కోసుకొచ్చేది చాలా ఇళ్లలో మగవాళ్లేనని గుర్తుచేయండి.

తాంబాలంలో గుమ్మడి ఆకులో, మోదుగాకులో పరచాలి. కాడలన్నీ ఒకే పొడవుకు కత్తిరించడం పెద్దవాళ్ల పని, రంగు వరస చెప్పడం చిన్నవాళ్ల పని. అంచున ఒక వరస, కాడలు లోపలి వైపుకు. మధ్యలో ఖాళీని మిగిలిన ఆకులు, కాడల ముక్కలతో నింపుతూ పైకి రావాలి, లేకపోతే నాలుగో వరసకే కుంగిపోతుంది. పై కొసన గుమ్మడి పువ్వు. మీరు చేతులు పెట్టకండి, ఇది చాలా కష్టం, నాకు తెలుసు. పిల్లలు పేర్చింది ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరగనివ్వండి, కూలితే మళ్లీ పేరుస్తారు.

ఆటకు చెట్టు నీడ చూసుకోండి. లోపలి వరసలో చిన్నపిల్లలు, బయటి వరసలో పెద్దపిల్లలు. అవ్వ ఒక చరణం అంటే పిల్లలు అందుకుంటారు, గురువారం వాళ్లు కట్టిన పాటలు కూడా పాడించండి. డీజే పాట పెడితే పిల్లల గొంతు వినబడదు, అందుకే నేను సౌండ్ బాక్స్ మానేశాను. మధ్యలో రెండుసార్లు ఆపి మంచినీళ్లు తాగించండి.

సాగనంపడానికి చెరువు దగ్గరకు తీసుకెళ్లొద్దు, ఎంతమంది పెద్దవాళ్లు వెంట ఉన్నా సరే. వానలకు నిండిన చెరువు గట్టు జారుతుంది, కట్ట మీద అరవై మంది పిల్లల్ని కాయడం ఎవరి వల్లా కాదు. టబ్బులో నీళ్లు పోసి అందులోనే ఓలలాడించండి. తర్వాత పూలు, ఆకులు అన్నీ బడి వెనక గుంతలో వేసి పైన మట్టి కప్పండి. దారాలు, పేపర్లు వేరుగా ఏరాలి, ఆ పని పిల్లలదీ టీచర్లదీ కలిపి.

ఇంటికి పంపేముందు ప్రతి బిడ్డకూ ఖాళీ అగ్గిపెట్టెలో మంగళవారం రాల్చిన గునుగు గింజలు కొన్ని వేసి ఇవ్వండి, పైన ఎవరి పేరు వాళ్లే రాసుకోవాలి. గునుగు చేలల్లో కలుపు మొక్క, అందుకని పొలంలో చల్లకూడదు, ఇంటి ముందు పాత డబ్బాలో వేసుకోవాలి అని చెప్పండి. సెలవులయ్యాక మొదటి రోజు ప్రార్థన అవగానే డబ్బాల సంగతి అడగండి, ఎవరిది మొలిచింది, ఎవరిది కోడి తినేసింది అని ఒక పీరియడ్ అంతా చెబుతారు. అదే రోజు వెనక గుంత కూడా ఒక మూల తవ్వి చూపించండి. తంగేడు రేకులు అప్పటికే నల్లబడి ఉంటాయి, బంతిపూల అడుగు భాగం ఇంకా గట్టిగా ఉంటుంది, ఎందుకలా అని వాళ్లే అడుగుతారు.